క్యారవాన్‌లో గండికోట: అత్తయ్య మంచినీళ్ళు తాగిన ప్రయాణం

మా అత్తయ్యకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. గంటకోసారి బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుంది. అందుకని రేపు ప్రయాణం అంటే ఇవాళ సాయంత్రం నుంచే మంచినీళ్ళు బంద్. కారెక్కాక గుక్కెడు కూడా తాగరు. అడిగితే "దాహంగా లేదమ్మా" అంటారు, పెదాలు మాత్రం ఎండిపోయి ఉంటాయి. దారిలో పెట్రోలు బంకుల్లో బాత్రూములు లేవా అంటే ఉన్నాయి. సగం చోట్ల తాళం వేసి ఉంటుంది, తాళంచెవి మేనేజరు దగ్గర ఉంటుంది, మేనేజరు భోజనానికి వెళ్ళి ఉంటాడు. తెరిచి ఉన్నచోట ఇండియన్ సీటు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కింద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. దాంతో ఈమధ్య ఆవిడ గుంటూరు దాటడమంటే పెళ్ళికో ఆస్పత్రికో అన్నట్టయింది.

డిసెంబరులో పిల్లల క్రిస్మస్ సెలవులకు ఎక్కడికైనా వెళ్దామన్నప్పుడు పిల్లలు గండికోట అన్నారు, మావయ్య మహానంది అన్నారు. "మీరు వెళ్ళి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అన్నారు అత్తయ్య. అప్పుడు మా వారు క్యారవాన్ మాట ఎత్తారు. షూటింగుల దగ్గర హీరోలకు పెట్టే వ్యాను కదా అని మావయ్య నవ్వారు. నేను మాత్రం ఒక్కటే అడిగాను: అందులో కమోడ్ ఉంటుందా?

గుంటూరులో మాకు దొరకలేదు. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే హైదరాబాదులో కొందరు, విజయవాడలో ఒకాయన తేలారు. మన దగ్గర క్యారవాన్ అంటే చాలావరకు టెంపో ట్రావెలర్ లాంటి బండినే లోపల మార్చి కట్టింది. ముందు సీట్లు, వెనక మంచాలు, మధ్యలో చిన్న వంటగట్టు, ఫ్రిజ్జు, ఒక మూల బాత్రూము. మాకు చెప్పిన రేటు రోజుకు 12,000, అందులో 250 కిలోమీటర్లు కలిపి. అది దాటితే కిలోమీటరుకు లెక్క. టోలు, డ్రైవరు బత్తా వేరే. అడ్వాన్సు కాక డిపాజిట్టు కూడా. టెంపో మాట్లాడుకుని రాత్రిళ్ళు లాడ్జిలో రెండు గదులు తీసుకుంటే ఇంతకంటే తక్కువలో అయిపోతుంది. డబ్బు మిగుల్తుందనుకుని క్యారవాన్ జోలికి వెళ్ళకండి. అది మిగిల్చేది వేరే.

మా వారికి తానే నడపాలని సరదా. కారు లైసెన్సు చాలదా అని ఓనరును అడిగారు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న బండైతే చాలు. ఎల్ఎమ్‌వీ, అంటే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో ఆ లోపు ట్రాన్స్‌పోర్టు బండ్లు కూడా నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కూడా. అయినా ఓనరు ఒప్పుకోలేదు, మా డ్రైవరే వస్తాడన్నాడు. నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఎత్తైన బండి, ఘాట్ రోడ్డు, వెనక మంచాల మీద పిల్లలు. సరదాలకు వేరే చోట్లున్నాయి.

అడ్వాన్సు ఇచ్చేముందు మేం గట్టిగా చూసింది ఆర్‌సీ. అందులో బండి తరగతి మోటార్ క్యారవాన్ అని ఉండాలి. మామూలు వ్యానుగా రిజిస్టరు చేయించి, లోపల తమకు నచ్చినట్టు కట్టించేసిన బండ్లు కూడా అద్దెకు తిరుగుతున్నాయి. ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే. పసుపు నంబరు ప్లేటు ఉందా, టూరిస్టు పర్మిటు ఉందా, ఫిట్‌నెస్ తేదీ ఎప్పటిదాకా ఉంది అనేవి కూడా చూసుకున్నాం. ఒకాయన్ని ప్లేటు ఫోటో పంపమంటే బండి పడకల ఫోటోలు పంపాడు. ఆయన్ని అక్కడితో వదిలేశాం.

విజయవాడ ఆటోనగర్‌లో బండి ఉందంటే అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాం. ఓనరు టీవీ చూపించాడు, రంగులు మారే లైట్లు చూపించాడు. అత్తయ్య అవేవీ చూడలేదు. ముందు మెట్టు దగ్గరే ఆగిపోయారు, ఎత్తుగా ఉంది. డ్రైవరు పక్క షెడ్డులోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాడు. పైకెక్కి నేరుగా బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపలి నుంచి ఒకటే ప్రశ్న: "ఇక్కడ పట్టుకోడానికి ఏమీ లేదేంటయ్యా?" నిజమే, కమోడ్ ఉంది గానీ లేచేటప్పుడు ఆనుకోడానికి గోడకు పిడి లేదు. తలుపు లోపలికి తెరుచుకుంటోంది. ఎవరన్నా లోపల పడిపోతే తలుపు తెరవడమే కష్టం. పిడి బిగించి ఇస్తేనే తీసుకుంటామన్నాం. ఆటోనగర్ కాబట్టి అరగంటలో పని అయిపోయింది. స్టీలు పైపు ముక్క, నాలుగు స్క్రూలు. తర్వాత ప్రయాణమంతా ఆ టీవీని ఎవరూ ఆన్ చేయలేదు, ఆ పైపును మాత్రం అందరం పట్టుకున్నాం.

ఆ తర్వాత డ్రైవరు చెప్పిన పాఠం విలువైంది. క్యారవాన్‌లో మూడే మూడు లెక్కలమ్మా అన్నాడు, నీళ్ళు, కరెంటు, ఆ పెట్టె.

నీళ్ళ ట్యాంకు వంద లీటర్లు. ఇంట్లో మనం బకెట్టు స్నానం చేస్తేనే మనిషికి పదిహేను, ఇరవై లీటర్లు. ఆరుగురం ఒక్క విడత స్నానాలు చేస్తే ట్యాంకు ఖాళీ. షవరైతే ఇంకా చెప్పక్కర్లేదు. కాబట్టి బండిలో చేతులు కడుక్కోవడం, ముఖం కడుక్కోవడం, బాత్రూము, అంతవరకే. కంచాలు కూడా కడగవద్దన్నాడు. విస్తరాకులు కొనుక్కెళ్ళాం.

కరెంటు లెక్క మా వారు కాయితం మీద వేశారు. బ్యాటరీ 12 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 2,400 వాట్ అవర్లు, అంటే మన మీటరు లెక్కలో 2.4 యూనిట్లు. అందులో రెండు యూనిట్లు చేతికొస్తాయనుకుందాం. ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. రెండు గంటల్లో అయిపోయె! బండి నడుస్తున్నంతసేపూ ఇంజను బ్యాటరీని నింపుతుంది, పైన సోలారు పలకలు కొంత ఇస్తాయి. అయినా రాత్రంతా ఏసీ వేసుకుని పడుకోవాలంటే బయటి నుంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాల్సిందే. అదీ ఇంట్లో గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు. అందుకే మన ఎండలకు ఈ బండి పనికిరాదంటాను. డిసెంబరులో ఫ్యాన్లు చాలు, గంటలతరబడి తిరిగినా బ్యాటరీకి బరువు కాదు. రోహిణీకార్తెలో గుంటూరు నుంచి ఇందులో బయలుదేరేవాళ్ళకు నా నమస్కారం. గ్యాసు సిలిండరు పెట్టనివ్వమన్నారు, ఇండక్షన్ స్టవ్వే. 1,800 వాట్ల స్టవ్వు మీద పది నిమిషాలు పాలు కాస్తే 0.3 యూనిట్. ఇన్ని కాఫీలు తాగే ఇంట్లో అది చిన్న లెక్క కాదు.

ఇక ఆ పెట్టె. కమోడ్ కింద క్యాసెట్టు అని ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, ఇరవై లీటర్లు పడుతుంది. బండి బయటివైపు చిన్న తలుపు తీసి, దాన్ని సొరుగులా లాగి, ఎక్కడన్నా సెప్టిక్ ట్యాంకు ఉన్న బాత్రూములో పారబోసి రావాలి. ఆ సరంజామా తయారైంది కాయితంతో తుడుచుకునే దేశాల కోసం. మనం నీళ్ళతో కడుక్కుంటాం, అంచేత ఇంకా త్వరగా నిండుతుంది. ఆ దేశాల్లో దారి పొడుగునా పారబోయడానికి ప్రత్యేకంగా చోట్లుంటాయి. మన రోడ్ల మీద మాకెక్కడా అలాంటిది కనబడలేదు. డ్రైవరు పెట్టిన రూలు: లోపల ఒంటికి మాత్రమే, రెంటికి లాడ్జిలోనో బంకులోనో. అత్తయ్యకు మాత్రం ఏ రూలూ లేదని మేం ముందే చెప్పేశాం.

బయలుదేరే రోజు తెల్లవారుజామున విజయవాడ నుంచి బండి వచ్చింది. మూడు వంతెనల వైపు వస్తే రైలు వంతెన కింద ఇరుక్కుంటుందని డ్రైవరు ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా తిప్పుకొచ్చాడు. అయినా మా బ్రాడీపేట అడ్డరోడ్డులోకి మాత్రం రాలేదు. కేబుల్ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు చేతికందే ఎత్తులో వేలాడుతుంటాయి. బండి మెయిన్ రోడ్డు మీదే ఆగింది. సామానంతా మా కారు డిక్కీలో రెండు విడతలు చేరవేశాం. పాలవాడు, పేపరు కుర్రాడు, ఎదురింటివాళ్ళు అందరూ ఎక్కి చూసి దిగారు. దిగినవాళ్ళంతా అడిగింది ఒకటే, రోజుకెంత?

పేరేచర్ల దాటి ఫిరంగిపురం వచ్చేసరికి చర్చి దారిలో క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. పిల్లలు వెనక మంచాల మీద పడుకుంటామని గోల. బండి కదులుతున్నప్పుడు మంచం ఎక్కకూడదు, సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవాలి. ఇది డ్రైవరు మాటే కాదు, నా మాట కూడా. చిన్నవాడు ఒక్క ఐదు నిమిషాలు అని మావయ్యను కాకా పట్టి వెళ్ళాడు. వెనక చక్రాల అవతలి భాగం బాగా ఊగుతుంది. రెండు స్పీడు బ్రేకర్లకే వాడు తెల్లబోయిన మొహంతో వచ్చి, పొద్దున తిన్న ఇడ్లీ అంతా నా ఒళ్ళో కక్కాడు. ఆ తర్వాత మంచం పేరెత్తలేదు. ఇంకో స్పీడు బ్రేకరు దగ్గర ఫ్రిజ్జు తలుపు గొళ్ళెం ఊడి పెరుగు గిన్నె నేల మీదికి దూకింది. పెరుగు తుడవడానికి నీళ్ళు కావాలి, నీళ్ళకు లెక్క ఉంది. అక్కడి నుంచి ఫ్రిజ్జుకు మావయ్య తువ్వాలు చుట్టి కట్టేశాం.

నరసరావుపేట దాటాక అత్తయ్య "బాబూ, కాస్త ఆపుతావా" అన్నారు. డ్రైవరు చింతచెట్టు కింద పక్కకు తీసి ఆపాడు. ఆవిడ ఐదడుగులు వేసి లోపలికి వెళ్ళి, పనయ్యాక వచ్చి కూర్చున్నారు. ఎవరినీ అడగక్కర్లేదు, తాళంచెవి వెతకక్కర్లేదు, చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని తడి నేల మీద నడవక్కర్లేదు. కాసేపటికి "ఆ సీసా ఇటివ్వమ్మా" అని సగం సీసా తాగారు. నేనేమీ అనలేదు. వినుకొండ దగ్గర ఇంకోసారి ఆగాం. కొండ మీద రామలింగేశ్వరుడికి కిందినుంచే దణ్ణం పెట్టుకుని, ఫ్లాస్కులో మజ్జిగ కూడా తాగారు. షుగరున్న మనిషి నీళ్ళు మానేసి రోజంతా కూర్చోవడం ఎంత ప్రమాదమో డాక్టరు చెప్పిన ప్రతిసారీ వింటూనే ఉన్నాం. వినడం వేరు.

గుంటూరు నుంచి నంద్యాల దాకా 544డి జాతీయ రహదారే. మధ్యాహ్నానికి కంభం చెరువు దగ్గరికి చేరాం. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు, వరదరాజమ్మ అనే రాకుమారి కట్టించిందని చెబుతారు. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు కనబడేలా బండి నిలిపి, బండి పక్కన ఉండే గుడ్డ పందిరి లాగి, దాని కింద చాప వేసి పులిహోర, గోంగూర పచ్చడి, దద్దోజనం తిన్నాం. క్యారవాన్‌లో వంట చేసుకుంటామని తీసుకెళ్ళిన కుక్కరు తిరిగొచ్చేదాకా సంచిలోంచి బయటికి రాలేదు. ఇంటినుంచి కట్టుకెళ్ళినది, దారిలో హోటలు, మధ్యలో కాఫీ, అంతే. కదిలే ఇంట్లో వంట చేసేది చివరికి ఆడవాళ్ళే అవుతారని నాకు ముందే తెలుసు. కాబట్టి కుక్కరు తీయలేదు.

గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్. వెలుతురుండగానే దాటాలని డ్రైవరు కంభంలో మమ్మల్ని తొందరపెట్టాడు. ఎత్తైన బండి మలుపుల్లో ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. మావయ్య కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకున్నారు. రాత్రికి నంద్యాలలో ఒక లాడ్జి ఆవరణలో ఆపాం. డ్రైవరుకు, అవసరానికి మాకు కలిపి ఒక గది తీసుకున్నాం. బయటి మనిషి ఉండగా ఆడవాళ్ళు, పిల్లలు ఒకే బండిలో పడుకోవడం ఆయనకూ ఇబ్బందే, మాకూ ఇబ్బందే. రోజంతా నడిపిన మనిషి ఒళ్ళు చాచి నిద్రపోవాలి కూడా. ఈ గది ఖర్చు బుకింగు లెక్కల్లో ఎవరూ చెప్పరు, మీరే కలుపుకోవాలి.

క్యాసెట్టు అక్కడే పారబోశాం. లాడ్జి మేనేజరు మొదట ససేమిరా అన్నాడు. గది తీసుకున్నాం కదా, మా గది బాత్రూములోనే పోస్తామని చెబితే తలూపాడు. డ్రైవరు గ్లవ్స్ వేసుకుని పెట్టె లాగాడు. దానికి సూట్‌కేసుకున్నట్టు చక్రాలున్నాయి. మా వారు ఆ పెట్టెను దొర్లించుకుంటూ లాడ్జి వసారాలో నడుస్తుంటే, ఎదురొచ్చిన పెళ్ళివారెవరో "ఏ రూమండీ?" అని సాయం పట్టబోయారు. మా వారు వద్దు వద్దంటూ పరిగెత్తారు. లోపల నీలం రంగు మందు వేస్తారు కాబట్టి ఫినాయిలు వాసన తప్ప అనుకున్నంత ఘోరం కాదు. మెల్లగా, మూతి గొట్టం కమోడ్ లోపలికి పెట్టి, గాలి పోయే మీట నొక్కి పట్టుకుని వంచాలి. మీట నొక్కకపోతే బుడబుడమని చింది మీద పడుతుంది. కడిగి, గ్లాసుడు మందు, కాసిని నీళ్ళు పోసి మళ్ళీ తోసేయాలి. ఆ తర్వాత ప్రతి రాత్రీ ఇదే పని. రోడ్డు పక్కన కాలవలో వంచేసి పోయే బండ్లున్నాయని డ్రైవరే చెప్పాడు. సింకు నీళ్ళు సైతం ఎక్కడపడితే అక్కడ వదలనివ్వలేదు మావయ్య.

మహానందిలో స్నానాల బెంగ తీరిపోయింది. స్వామి కింది నుంచి ఊరే నీళ్ళు కోనేట్లోకి వస్తూనే ఉంటాయి, అడుగున పడిన పైసా కూడా కనబడేంత తేటగా. మావయ్య, పిల్లలు మునిగి లేచారు, అత్తయ్య మెట్టు మీద కూర్చుని తల తడుపుకున్నారు. మా ట్యాంకులో ఒక్క లీటరు తగ్గలేదు. దారిలో గుడీ కోనేరూ చూసుకుని రాత్రి మకాం పెట్టుకుంటే ఈ బండికి సగం ఇబ్బంది ఉండదు. బనగానపల్లె దగ్గర యాగంటి కూడా చూశాం. కలియుగం చివర లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారు చెప్పిన బసవన్న చుట్టూ చిన్నవాడు తిరిగి, "ఇప్పుడు లేవడు కదా?" అని రెండుసార్లు అడిగాడు.

బెలుం గుహల దగ్గర బండి విలువ ఇంకోలా తెలిసింది. గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు చూడనిస్తారు. లోపల ఉక్క. మెట్లు దిగాలి, కొన్నిచోట్ల వంగి నడవాలి. అత్తయ్య, మావయ్య రాలేరు. మామూలుగా అయితే వాళ్ళు కారులో తలుపులు తెరిచి ఉడికిపోతూ కూర్చోవాలి, లేదా మేం హడావుడిగా చూసి వచ్చేయాలి. ఈసారి ఫ్యాన్లు వేసుకుని మంచాల మీద నిద్రపోయారు. మేం పాతాళగంగ దాకా తాపీగా వెళ్ళి చెమటతో తడిసి ముద్దయి వచ్చాం. వాళ్ళు అప్పుడే లేచి కాఫీ కలుపుతున్నారు.

గండికోటలో ఒక హోటలువాళ్ళను అడిగి ఆవరణలో బండి పెట్టుకున్నాం. ప్లగ్గుకు, నీళ్ళకు విడిగా డబ్బు తీసుకున్నారు, న్యాయమే. మా వైరు పొడవు చాలక డ్రైవరు బండిని మూడుసార్లు ముందుకూ వెనక్కూ తీశాడు. ముప్పై మీటర్ల వైరు లేకుండా ఎవరూ బయలుదేరకండి. కోట గుమ్మం ఇరుకు, బండి లోపలికి వద్దని ఆటో మాట్లాడుకున్నాం. పొద్దున్నే చలిలో పిల్లలతో ఎర్రబండల మీద నడిచి పెన్నా లోయ చూశాం. అత్తయ్య అంచు దాకా రాలేదు, మాధవరాయస్వామి గుడి గోపురం చూస్తూ మండపంలో కూర్చున్నారు. ఒక గంట గడిచాక ఆటోలో వెనక్కి, బండి దగ్గరికి. ఆ గంట లెక్క మాకు అలవాటైపోయింది. ఎక్కడికి వెళ్ళినా గంటలోపు బండికి చేరేలా చూసుకుంటే చాలు, ఆవిడ మొహంలో టెన్షన్ ఉండదు.

తిరుగు ప్రయాణం అదే దారిన. బండి అప్పగించాక డిపాజిట్టులో కొంత కోశాడు ఓనరు, పక్క అద్దం మీద గీత పడిందని. బయలుదేరేముందు మా పెద్దది ఫోనుతో బండి చుట్టూ, లోపల, మీటరు రీడింగుతో సహా వీడియో తీసిపెట్టింది. అందులో గీత స్పష్టంగా ఉంది. వీడియో పంపితే సాయంత్రానికి డబ్బు వేశాడు. ఒక్క మాట కూడా రాయలేదు, బొటనవేలు బొమ్మ పెట్టాడంతే.

అత్తయ్య ఇప్పుడు అరసవల్లి అంటున్నారు. ఎండలు ముదిరేలోగా వెళ్ళాలి, అంటే మాఘమాసం లోపే. ఓనరుకు ఫోన్ చేసి ఈసారి ముందే రెండు అడిగాం: మెట్టు కింద వేసుకునే గట్టి స్టూలు, ఇంకో ఖాళీ క్యాసెట్టు. స్టూలు ఇస్తానన్నాడు. క్యాసెట్టు సంగతి కనుక్కుని చెబుతానన్నాడు.